అల్లుడికి రోలెక్స్, మామగారికి టెన్షన్: వాచీల మీద మీ ప్రశ్నలు

ఖరీదైన వాచీల మీద ప్రశ్నలు పంపమని పోయిన సంచికలో అడిగితే కుప్పలుగా వచ్చాయి. మెషిన్ గురించో కంపెనీ చరిత్ర గురించో అడిగినవాళ్లు తక్కువ, అమ్మే మనిషి గురించి అడిగినవాళ్లే ఎక్కువ. వాడు నిజం చెప్తున్నాడా, ఎందుకిలా తిప్పుకుంటున్నాడు, బిల్లెందుకు ఇవ్వనంటున్నాడు, ఇవే. పేర్లు వేయొద్దని చాలామంది కోరారు కాబట్టి ఏరియా మాత్రం ఉంచి పేర్లు తీసేశాం.

ప్రశ్న: ఒక పెద్ద షోరూమ్‌లో రోలెక్స్ స్టీల్ సబ్‌మెరైనర్ కోసం పేరు రాయించి ఏడాది దాటింది. వెళ్లినప్పుడల్లా కాఫీ ఇచ్చి "త్వరలో సార్" అంటారు. మొన్న మాట మారింది. "మీ పర్చేజ్ హిస్టరీ కొంచెం పెంచుకోండి సార్" అంటూ మా ఆవిడకి వజ్రాల దిద్దులు, నాకు ఇంకో కంపెనీ వాచీ చూపించారు. అవి కొంటే నా నంబర్ ముందుకి జరుగుతుందా? (కొండాపూర్)

జవాబు: జరగొచ్చు, జరక్కపోవచ్చు, కాగితం మీద మాత్రం ఎవరూ రాసివ్వరు. మీరు అనుకుంటున్నట్టు అది రేషన్ షాపు క్యూ కాదండి, మీ ముందున్నవాడు తీసుకుని పోతే మీ వంతు రావడానికి. కంపెనీ ఏ మోడల్ ఎన్ని పంపితే అన్నే వస్తాయి, వచ్చినవాటిని ఎవరికివ్వాలో షాపువాళ్లు కూర్చుని అనుకుంటారు. వాళ్ల వైపు నుంచి కూడా ఒక మాట చెప్పాలి. కౌంటర్‌లో ఎమ్మార్పీకి దొరికే కొన్ని మోడల్స్ బయట అంతకంటే ఎక్కువకి పోతాయి, అందుకే పొద్దున కొని సాయంత్రానికి అమ్మేసే బ్యాచ్ ఒకటి తయారైంది, ఆ సంగతి కంపెనీకి తెలిస్తే చీవాట్లు డీలర్‌కి. అందుకని ముఖం తెలిసినవాడికి, పెట్టుకుని తిరిగేవాడికి ఇవ్వాలని చూస్తారు. అంతవరకూ న్యాయమే. అక్కర్లేని సరుకు అంటగట్టడం మాత్రం న్యాయం కాదు.

లెక్క ఇలా వేసుకోండి. వాళ్లు చూపించిన దిద్దులూ వాచీ కలిపి 4 లక్షలయ్యాయనుకుందాం. రేపు వాటిని బయట అమ్మితే 2 లక్షలే వస్తే, పోయిన ఆ 2 లక్షలూ మీ సబ్‌మెరైనర్ ధరలో కలిసినట్టే, అదీ సబ్‌మెరైనర్ వస్తేనే. అదే 2 లక్షలు ఎక్కువిచ్చి నమ్మకమైన ప్రీ ఓన్డ్ (ఒకరు వాడిన వాచీలు అమ్మే) షాపులో రేపే తెచ్చుకోగలిగితే, ఎమ్మార్పీ అనే మాటకి మీ విషయంలో అర్థమేముంది? మీ ఆవిడకి ఆ దిద్దులు నిజంగా నచ్చితే కొనండి, లిస్టు కోసమైతే వద్దు.

ఈసారి వెళ్లినప్పుడు మొహమాటం లేకుండా ఇలా చెప్పి రండి: "నలుపు డయల్ కావాలి, డేట్ ఉన్నా లేకపోయినా పర్వాలేదు, మీరు ఫోన్ చేసిన రెండు రోజుల్లో డబ్బు కడతాను, వేరే సరుకు కొనను." సేల్స్ వాళ్లకి ఇంత తేటగా చెప్పేవాళ్లు తక్కువ, గుర్తుంటారు. అడ్వాన్స్ అడిగితే మోడల్ నంబర్ రాసిన రసీదు లేకుండా రూపాయి కూడా ఇవ్వకండి. అన్నట్టు, రోలెక్స్ పెట్టిన హాన్స్ విల్స్‌డార్ఫ్‌దే ట్యూడర్ కూడా, దాని బ్లాక్ బే ఒకసారి చేతికి పెట్టి చూడండి. ఒమేగా సీమాస్టర్ 300 కూడా. వీటికి ఏడాది పాటు కాఫీలు తాగాల్సిన పని లేదు.

ప్రశ్న: మా అమ్మాయి పెళ్లి ఫిబ్రవరిలో. అల్లుడికి రోలెక్స్ పెడదామని మా ఆవిడ పట్టు. తెలిసినవాళ్లు ఒక షాపు చెప్పారు, దుబాయ్ సరుకట, ఒరిజినలేనట, డబ్బా కాగితాలతో సహా 22 వేలట. తీసుకోవచ్చా? (దిల్‌సుఖ్‌నగర్)

జవాబు: వద్దండి. కొత్త రోలెక్స్ ఏ మోడలైనా లక్షల్లోనే మొదలవుతుంది, దుబాయ్‌లోనైనా జెనీవాలోనైనా అంతే. మీకు చెప్పింది ఫస్ట్ కాపీ, అంటే నకిలీ. ఫంక్షన్ హాల్లో అబ్బాయి స్నేహితుల్లో ఒక్కడికి వాచీలు తెలిస్తే చాలు, విందు అయ్యేలోపు ఆ సంగతి వియ్యపురాలి దాకా వెళ్తుంది. అసలుదే అనుకుని ఆ పిల్లాడు రేపు సర్వీస్ సెంటర్‌కి తీసుకెళ్తే, ఇది మాది కాదని చేతిలో పెట్టి పంపిస్తారు. ఆ సిగ్గు మీకెందుకు? లక్ష లోపు టిస్సో ఉంది, సీకో ఉంది, ఆటోమేటిక్ మెషిన్‌తో టైటాన్ కూడా ఉంది. ఇంకొంచెం పెట్టగలిగితే లాంజీన్. బిల్లు, వారంటీ కార్డు డబ్బాలో పెట్టివ్వండి, గౌరవంగా ఉంటుంది.

ఇంకో మాట, అడక్కపోయినా చెప్తున్నా. పట్టు మీ ఆవిడదేనా, అటువైపు నుంచి ఎవరైనా రోలెక్స్ అన్నారా? అడిగి పెట్టించుకుంటే 1961 చట్టం లెక్కలో అది వరకట్నమే.

ప్రశ్న: వాచీల పిచ్చి నాది, జీతం నాది. మా ఆయన తోడు వస్తాడంతే. షాపులో అబ్బాయి మాత్రం మొత్తం ఆయనకే చెప్తాడు. నావైపు తిరిగితే "మేడమ్‌కి చిన్న సైజులో రాళ్లు పొదిగింది చూపించనా" అంటాడు. ఇంకో చోట ట్రే లోంచి తీసి చేతికి పెట్టడానికే బద్ధకించారు. ఇక తగ్గించమని అడగాలంటే నాకు నోరు రాదు. (కూకట్‌పల్లి)

జవాబు: మీకే కాదు, హవాయి చెప్పులతో వెళ్లిన లక్షాధికారులకీ ఇదే మర్యాద జరుగుతుంది. ఆదివారం సాయంత్రం వెళ్లకండి, అప్పుడు సగంమంది సెల్ఫీల కోసం వస్తారు, సేల్స్ వాళ్లు విసిగిపోయి ఉంటారు. మామూలు రోజు పొద్దున, ముందే ఫోన్ చేసి, మోడల్ రిఫరెన్స్ నంబర్ చెప్పి, మీ పేరు మీదే అపాయింట్‌మెంట్ తీసుకోండి. నంబర్ పలికిన మనిషితో మాట్లాడే తీరు మారుతుంది, ఇది నేను చాలాచోట్ల చూశాను. అప్పటికీ ఆయన వైపే చూసి మాట్లాడుతుంటే వేరే మనిషిని పిలవమనండి, గొడవేం కాదు. సైజు విషయంలో ఆ అబ్బాయి పాఠానికి తల ఊపకండి. రోలెక్స్ డేట్‌జస్ట్ 1945లో వచ్చినప్పుడు అది మగవాళ్ల వాచీ, సైజు 36 మిల్లీమీటర్లు, ఇవాళ అదే సైజుని కొన్నిచోట్ల ఆడవాళ్ల ట్రేలో పెడుతున్నారు. మీ మణికట్టు మీద కొమ్ములు (స్ట్రాప్ తగిలించే కొసలు) బయటికి పొడుచుకు రాకుండా ఉంటే ఆ సైజు మీదే.

తగ్గింపు సంగతి. రోలెక్స్, పటెక్ ఫిలిప్, ఆడెమార్ పిగే దగ్గర అడగడం దండగ. మిగతా చాలా కంపెనీలకి డీలర్ చేతిలో కొంత ఉంటుంది, పండగ సీజన్‌లో ఇంకొంచెం ఉంటుంది. అందుకు బేరమాడక్కర్లేదు, "ఫైనల్ ఎంతకిస్తారు?" అని ఒక్క ప్రశ్న అడిగి ఊరుకోండి, ఆ నిశ్శబ్దంలో వాళ్లే ఏదో ఒకటి చెప్తారు. ధర దిగకపోతే ఇంకో స్ట్రాప్ అడగండి. డబ్బు కట్టేముందు వారంటీ కార్డు మీద తేదీ మీ ముందే వేయించండి, కార్డు మీది సీరియల్ నంబర్ వాచీ మీది నంబర్‌తో కలిపి చూడండి, బ్రేస్‌లెట్ మీ చేతికి సరిచేశాక తీసేసిన లింకులు అడిగి తెచ్చుకోండి. ఆ చిన్న లింకులు అక్కడే వదిలేసి వచ్చేవాళ్లు ఎంతమందో! రేపు అమ్మాలన్నా, మీ చేయి కాస్త లావైనా, అవే కావాలి.

ప్రశ్న: వాట్సాప్ గ్రూపులో ఒకాయన 2018 సబ్‌మెరైనర్ అమ్ముతున్నాడు. డబ్బా, కార్డు అన్నీ ఉన్నాయట. మార్కెట్ కంటే లక్షన్నర తక్కువ. విదేశాలకి వెళ్లిపోతున్నాను, ఈ వారంలోనే తేల్చాలి అంటున్నాడు. కాఫీ షాపులో కలుద్దామన్నాడు. ఏమేం చూడాలి? (మణికొండ)

జవాబు: ముందు ఆ తొందర చూడండి. లక్షన్నర తక్కువ, ఈ వారమే, కాఫీ షాపు: మూడూ ఒకే మనిషి నోట వస్తే నేనైతే కదలను. అయినా నిజంగా వెళ్లిపోతున్నవాడూ ఉంటాడు కాబట్టి చూసే పద్ధతి చెప్తాను.

అద్దానికీ డయల్‌కీ మధ్య లోపలి అంచు మీద చుట్టూ రోలెక్స్ అని చెక్కి ఉంటుంది, 6 అంకె దగ్గర సీరియల్ నంబర్ ఉంటుంది. అది కార్డుతో కలవాలి. కలిసిందని సంబరపడకండి, దొంగ కార్డులు కూడా అచ్చేస్తున్నారు, అసలు వాచీ నంబరే నకిలీ మీద చెక్కుతున్నారు. డేట్ మీది బుడిపె అద్దం అంకెని రెండున్నర రెట్లు పెద్దగా చూపించాలి, చౌక నకిలీల్లో చిన్నగా కనపడుతుంది. వెనక అద్దం ఉండి లోపలి మెషిన్ కనపడే సబ్‌మెరైనర్ ఎవరైనా చూపిస్తే అక్కడే లేచి వచ్చేయండి, అలాంటిది కంపెనీ చేయలేదు. సెకన్ల ముల్లు నున్నగా జారితే ఒరిజినల్ అని మీ ఫ్రెండ్ చెప్పుంటాడు, ఆటోమేటిక్ మెషిన్ పెట్టిన నకిలీలో కూడా అది అలాగే జారుతుంది, కాబట్టి ఆ పరీక్ష మర్చిపోండి.

ఇప్పుడొస్తున్న సూపర్ క్లోన్‌లు, అంటే అచ్చం అసలుదానిలా చేసిన నకిలీలు, పైనుంచి చూసి తేల్చేవి కావు. నాకూ మీకూ కాదు, రోజూ చూసే డీలర్లే తడబడుతున్నారు. అందుకని వెనక మూత తీయించాల్సిందే. కలిసేది కాఫీ షాపులో కాదు, మీరు ఎంచుకున్న వాచ్‌మేకర్ దగ్గర, అతని ఫీజు మీరే కట్టి. ఆయన మెషిన్ చూస్తాడు, టైమ్‌గ్రాఫర్ అనే పరికరం మీద పెట్టి రోజుకి ఎన్ని సెకన్లు తేడా వస్తుందో, బ్యాలెన్స్ చక్రం ఎంత ఊగుతుందో చెప్తాడు. ఊపు బాగా తక్కువుంటే సర్వీసింగ్ ఖర్చు ధరలోంచి తగ్గించుకోవాలి. వాచీ బయటి లోహపు కేసుకి ఎన్నిసార్లు పాలిష్ పట్టించారో అడగండి. కొమ్ముల అంచులు అరిగి సబ్బు ముక్కలా గుండ్రబడితే, మెరుపెంత ఉన్నా, వాచీలు పోగుచేసేవాళ్లు దానికి ధర తగ్గిస్తారు. పాలిష్ పట్టించి తళతళలాడించి అమ్మేవాడికంటే గీతలతో సహా చూపించేవాడి మీద నాకు నమ్మకం ఎక్కువ.

మూత తీయించడానికి ఒప్పుకోకపోతే అక్కడితో ఆ బేరం అయిపోయింది. ఒప్పుకుంటే అతని పాన్, గుర్తింపు కార్డు కాపీ, మొదటి కొనుగోలు బిల్లు తీసుకుని, సీరియల్ నంబర్ రాసిన అమ్మకం కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెట్టి, డబ్బు బ్యాంకు ద్వారా పంపండి. వాచీ దొంగిలించిందని రేపు తేలితే మిమ్మల్ని కాపాడేది ఆ కాగితాలే. ఇదంతా తలనొప్పి అనిపిస్తే గ్యారంటీ రాసిచ్చే ప్రీ ఓన్డ్ షాపుకి వెళ్లండి, అక్కడ ఎక్కువిచ్చేది ఈ తలనొప్పి వాళ్ల నెత్తిన పెట్టడానికే. రోలెక్స్ కంపెనీ కూడా 2022 చివరి నుంచి కొన్ని దేశాల్లో తన పాత వాచీలని పరీక్షించి, 2 ఏళ్ల గ్యారంటీతో డీలర్ల ద్వారా అమ్మిస్తోంది.

ప్రశ్న: 11 లక్షల వాచీ. "క్యాష్ ఇస్తే బిల్లు లేకుండా 9న్నరకి ఇస్తా" అంటున్నాడు. వారంటీ కార్డు ఎలాగూ ఉంది కదా, బిల్లుతో పనేంటి? (సికింద్రాబాద్)

జవాబు: ఒక లావాదేవీకి 2 లక్షలు, ఆపైన నగదు తీసుకోవడం ఆదాయపన్ను చట్టం ప్రకారం నిషిద్ధం, పెనాల్టీ తీసుకున్నవాడికి పడుతుంది. అంటే అతను తన మెడ మీద కత్తి పెట్టుకుని మీకు లక్షన్నర తగ్గిస్తున్నాడు. ఎందుకంత ప్రేమ? వాచీల మీద 18 శాతం జీఎస్టీ ఉంది, అది ఎగ్గొట్టడానికి. లేదా ఆ వాచీ డ్యూటీ కట్టకుండా వచ్చింది. లేదా దానికి చెప్పుకోదగిన పుట్టుక లేదు. 2025 ఏప్రిల్ 22 నుంచి 10 లక్షలు దాటిన వాచీ మీద అమ్మేవాడు 1 శాతం టీసీఎస్ (అమ్మేటప్పుడే కొనేవాడి దగ్గర తీసుకునే ఆదాయపన్ను) కూడా వసూలు చేయాలి, దానికి భయపడేవాళ్లున్నారు కానీ అది మీ పాన్ మీద జమవుతుంది, రిటర్న్ వేసేటప్పుడు సర్దుబాటు చేసుకోవచ్చు, పోయే డబ్బు కాదు. బిల్లు లేకపోతే ఇన్సూరెన్స్ కష్టం, దొంగతనం జరిగితే పోలీస్ స్టేషన్‌లో మాట పడటం, ఎయిర్‌పోర్టులో జవాబు చెప్పుకోలేకపోవడం. వదిలేయండి.

ప్రశ్న: మా బావ దుబాయ్‌లో ఉంటాడు. అక్కడ కొని చేతికి పెట్టుకుని వస్తే అడగరు అంటున్నాడు. నిజమేనా? (టోలిచౌకి)

జవాబు: అడగని రోజు ఉంటుంది, అడిగిన రోజు ఉంటుంది. డ్యూటీ లేకుండా తెచ్చుకోగల పరిమితి ఇలాంటి వాచీ ధర ముందు ఏ మూలకీ రాదు. శంషాబాద్‌లో దిగి, డ్యూటీ కట్టాల్సిందేమీ లేదనేవాళ్ల గ్రీన్ చానెల్‌లోంచి నడిచి దొరికిపోతే వాచీ పట్టుకుంటారు, డ్యూటీ మీద పెనాల్టీ కూడా పడుతుంది. దుబాయ్‌లో వ్యాట్ 5 శాతమే, టూరిస్టుగా వెళ్తే తిరిగి తీసుకోవచ్చు, అందుకే అక్కడి ధర చూసి నోరూరుతుంది. రెడ్ చానెల్‌లో డ్యూటీ కట్టాక ఎంతవుతుందో లెక్క వేసి అప్పుడు ఇక్కడి ధరతో పోల్చండి, చాలాసార్లు ఆ తేడా ఎగిరిపోతుంది. స్విట్జర్లాండ్‌తో మన ఒప్పందం 2025 అక్టోబర్ 1 నుంచి అమల్లోకి వచ్చింది, స్విస్ వాచీల మీద దిగుమతి సుంకం ఏటా కొంత చొప్పున తగ్గుతుంది. తగ్గినంతా మన ధరలో కనపడుతుందని మాత్రం ఆశపడకండి, ఫ్రాంక్ పెరిగినా బంగారం పెరిగినా ఆ కంపెనీలు రేటు పెంచుతాయి. మీరు ఇక్కడ కొన్న ఖరీదైన వాచీ పెట్టుకుని విదేశాలకి వెళ్తుంటే, వెళ్లేటప్పుడే కస్టమ్స్ దగ్గర ఎక్స్‌పోర్ట్ సర్టిఫికెట్ తీసుకోండి, వచ్చేటప్పుడు వాదన ఉండదు.

ప్రశ్న: మా ఆయన దగ్గర 14 వాచీలున్నాయి. ఇంకోటి కొంటా, ఇది ఖర్చు కాదు ఇన్వెస్ట్‌మెంట్ అంటాడు. (నల్లగండ్ల)

జవాబు: ఆ 14లో ఇప్పటిదాకా లాభానికి అమ్మినవి ఎన్నో అడగండి. 2021లో, 2022 మొదట్లో రోలెక్స్ డేటోనా, పటెక్ నాటిలస్ లాంటివి ఆకాశానికి ఎక్కిన మాట నిజం, అప్పుడు శిఖరం మీద కొన్నవాళ్లు తర్వాత దిగడం చూస్తూ కూర్చున్నారన్నదీ నిజమే. చాలా కంపెనీల వాచీలు షోరూమ్ గుమ్మం దాటగానే ధర పోగొట్టుకుంటాయి. ఆయనకి ఇష్టమైతే ఇష్టమని చెప్పి కొనమనండి, రెండు అమ్మి ఒకటి కొంటే మీకూ అభ్యంతరం ఉండదు కదా.

ప్రశ్న: నా 2 వేల క్యాసియో మీ 10 లక్షల వాచీ కంటే సరిగ్గా టైమ్ చూపిస్తుంది. అవునా కాదా? (ఉప్పల్)

జవాబు: అవును. రోలెక్స్ రోజుకి 2 సెకన్లు అటూ ఇటూ అని చెప్పుకుంటుంది, బ్యాటరీతో నడిచే మామూలు క్వార్ట్జ్ వాచీ నెలకి 15 సెకన్లు. 1969 డిసెంబర్‌లో సీకో మొదటి క్వార్ట్జ్ చేతి వాచీ అమ్మిన రోజునే ఆ పందెం అయిపోయింది. అయినా మధ్యాహ్నం 12 కొట్టేముందు సాలార్‌జంగ్ మ్యూజియంకి వెళ్లి చూడండి, జేబులో ఫోన్ ఉన్న జనమే ఆ సంగీత గడియారంలోంచి బుల్లి మనిషి వచ్చి గంట కొట్టడం కోసం కుర్చీలు వెతుక్కుంటుంటారు. కొందరు ఆ మెషిన్ కోసం లక్షలు పెడతారు, మీరు పెట్టక్కర్లేదు.

ప్రశ్న: తాతగారి ఫావర్ లూబా, నాన్నగారి హెచ్‌ఎంటీ జనతా బీరువాలో దొరికాయి. ఒక షాపులో డయల్ కొత్తగా పెయింట్ చేసి ఇస్తామన్నారు. ఇంకొకాయన రెండూ కలిపి 3 వేలకి ఇచ్చేయమన్నాడు. (వనస్థలిపురం)

జవాబు: రెండిటికీ వద్దనండి. రంగు వేసిన డయల్ వాచీ విలువని చంపేస్తుంది. పాత మెషిన్లకి మెరిసే కొత్త డయల్స్ వేసి ఆన్‌లైన్‌లో అమ్మేవాటిని వాచీలు పోగుచేసేవాళ్లు ముంబై స్పెషల్ అని దూరం పెడతారు, మీ ఇంటి వాచీని మీరే డబ్బిచ్చి అలా చేయించుకోవడం ఎందుకు? మచ్చలున్నా పసుపెక్కినా అసలు డయలే ఉండాలి. జనతా చేతి కీ వాచీ. 1961లో జపాన్ సిటిజన్ సాయంతో హెచ్‌ఎంటీ బెంగళూరులో వాచీలు మొదలుపెట్టింది, 2016లో ఆ వాచీల కంపెనీ మూతపడింది, మంచి స్థితిలో ఉన్న పాతవాటికి ఇప్పుడు గిరాకీ ఉంది.

ఏళ్లుగా ఆగిపోయిన వాచీకి ఇప్పుడే కీ ఇవ్వకండి, లోపల నూనె ఎండి ఉంటుంది, పళ్లు అరుగుతాయి. ఆబిడ్స్, సికింద్రాబాద్ వైపు పాత చేతి కీ వాచీలు చేసే మెకానిక్‌లు ఇంకా ఉన్నారు. అద్దంతో కన్ను పెట్టి చూసి, ఏం పోయిందో చెప్పి, మార్చిన పార్టులు మీ చేతికిచ్చేవాడిని పట్టుకోండి. తాతగారి దాని ముళ్లకి రాత్రి మెరిసే పూత ఉంటే గోకనివ్వకండి, 1960లకి ముందు వాటిలో రేడియం వాడేవాళ్లు, ఆ పొడి పీల్చకూడదు. సర్వీసింగ్ అయ్యాక వారం రోజులు ఒకే టైమ్‌కి కీ ఇస్తూ ఫోన్ పక్కన పెట్టి చూడండి, రోజుకి అర నిమిషం తేడా వచ్చినా ఆ వయసు మెషిన్‌కి బాగున్నట్టే లెక్క.